వెలుతురు మీద మాట, వెలుతురు మీద కరెంటు: రెండు వేర్వేరు లెక్కలు

అరచేయంత సోలార్ పలక ఒకటి తీసుకుని, దాని రెండు తీగలను చిన్న ఆంప్లిఫయరుకూ, ఆ ఆంప్లిఫయరును ఒక స్పీకరుకూ కలిపి, పాతకాలపు చోకు ఉన్న ట్యూబులైటు కింద పట్టుకుంటే స్పీకరులోంచి సన్నగా, ఆగకుండా ఒక రొద వినిపిస్తుంది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది కనుక ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఆ తేడా కంటికి తెలియదు, పలకకు తెలుస్తుంది, స్పీకరు దాన్ని చెవికి అందిస్తుంది. అదే పలకను మిట్టమధ్యాహ్నం ఆరుబయటికి తీసుకువెళితే స్పీకరు మూగబోతుంది. పలక పాడవలేదు, ట్యూబులైటు కింద ఇచ్చినదానికంటే వెయ్యి రెట్లకు పైగా విద్యుత్తును అది ఆ క్షణంలో తయారు చేస్తోంది. అయితే ఎండ నిలకడగా ఉంది కనుక చెప్పడానికి ఏమీ లేదు. పలక ముందు ఒక దువ్వెనను అటూ ఇటూ ఆడిస్తే, పళ్ల నీడలు పడిన కొద్దీ స్పీకరు బర్రుమంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా స్వల్ప ఖర్చుతో చేసి చూపించగల ఈ ప్రయోగంలో, వెలుతురుతో సమాచారం పంపడానికీ వెలుతురుతో విద్యుత్తు పంపడానికీ మధ్య ఉన్న అసలు భేదం మొత్తం ఇమిడి ఉంది. సమాచారానికి కావలసింది వెలుతురులో తేడా. విద్యుత్తుకు కావలసింది వెలుతురు పరిమాణం. తీగలు లేని ఇంటర్నెట్టును, తీగలు లేని కరెంటును ఒకే గాటన కట్టి, రెండూ ఒకే దీపం నుంచి రాబోతున్నాయని చెప్పడం ఈ మధ్య ఎక్కువైంది. వాటిలో మొదటిది తుపాన్ల దారిలో ఉన్న ఈ ఉత్తరాంధ్ర తీరానికి నిజంగా పనికివచ్చే సాధనం. రెండోది చాలా చిన్న అవసరాలకు తప్ప ఇప్పట్లో ఇక్కడ లెక్క కుదరని వ్యవహారం. ఆ సంగతి అంకెలతో సహా చూడవలసి ఉంది.

వెలుతురు మీద మాటను పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. కళింగపట్నం, బారువ వంటి చోట్ల ఉన్న దీపస్తంభాలు చేసేది కూడా ఒక విధంగా అదే. వెలిగి ఆరే లయ ఒక్కో స్తంభానికి ఒక్కో రకంగా ఉంటుంది కనుక, చీకటిలో ఆ లయను లెక్కపెట్టిన నావికుడికి తాను ఏ తీరం ఎదుట ఉన్నాడో తెలుస్తుంది. 1880లో అలెగ్జాండర్ గ్రాహంబెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ మానవ కంఠాన్నే ఎండ మీద ఎక్కించారు. పలుచని అద్దం వెనుక నుంచి మాట్లాడితే అద్దం ఆ మాటకు తగ్గట్టు అదిరేది, దానిమీద పడి మళ్లిన సూర్యకాంతి బలం ఆ అదురుతో పాటే మారేది, వాషింగ్టన్ నగరంలో 213 మీటర్ల అవతల వెలుగును బట్టి తనలో కరెంటు ప్రవాహం మారే ఒక సెలీనియం ఘటం (సెల్) ఆ మార్పును పట్టుకుని తిరిగి శబ్దంగా మార్చేది. టెలిఫోను కంటే ఇదే గొప్పదని బెల్ భావించాడు. కానీ మబ్బు పట్టినా, మంచు కురిసినా, దారిలో ఏది అడ్డొచ్చినా మాట ఆగిపోయేది. నూట నలభై ఏళ్లు దాటినా ఈ అడ్డంకుల్లో సూర్యుడి మీద ఆధారపడటం అన్న ఒక్కటే తొలగింది. 1960లో లేజర్ రావడం, ఆ వెంటనే కాంతిని వెదజల్లే డయోడ్లు, అంటే ఎల్‌ఈడీలు రావడంతో రాత్రీపగలూ మన చేతిలో ఉండే వెలుగు దొరికింది. తక్కినవి అలాగే ఉన్నాయి.

ఇంట్లో రోజూ చేతిలో ఉండే టీవీ రిమోటును దగ్గరగా చూస్తే ఈ విద్య ఎంత నాజూకుగా పనిచేస్తుందో తెలుస్తుంది. రిమోటు మూతిని సెల్‌ఫోను ముందు కెమెరా వైపు పెట్టి మీట నొక్కితే, కంటికి కనిపించని ఒక చుక్క ఫోను తెరమీద ఊదారంగులో మిణుకుమిణుకుమంటుంది. అది సుమారు 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతి. మన కన్ను దాదాపు 750 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో, మీట నొక్కగానే ముందు 9 మిల్లీసెకన్ల పొడవైన మెరుపు వెళుతుంది. ఆ తర్వాత 32 అంకెలు వరుసగా వెళతాయి. ప్రతి అంకెకూ మెరుపు ఒకే పొడవు, దాని వెనుక వచ్చే చీకటిలోనే అర్థం ఉంటుంది: అర మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువ చీకటి అయితే సున్నా, దానికి మూడు రెట్ల చీకటి అయితే ఒకటి. మొత్తం సందేశం 70 మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది.

గదిలో ట్యూబులైటు, కిటికీలోంచి ఎండ, వేడెక్కిన వస్తువులు అన్నీ పరారుణ కాంతిని వెదజల్లుతూనే ఉండగా టీవీ ఈ ఒక్క మిణుకును ఎలా పోల్చుకుంటుందన్నది సహజమైన ప్రశ్న. రిమోటు మెరుపు ఒక్క మెరుపు కాదు, సెకనుకు సుమారు 38,000 సార్లు కొట్టుకునే మెరుపుల గుత్తి. టీవీలోని గ్రాహకం ఆ వేగంతో కొట్టుకునే వెలుగును మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగతాదంతా వదిలేస్తుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడులాంతర్ల దగ్గర ఎంత జనఘోష ఉన్నా, తప్పిపోయిన బిడ్డ చెవికి తల్లి పిలుపు విడిగా వినిపించినట్టు, ఎండ ఎంత ఉన్నా తేడా గలది తేలిపోతుంది. సమాచారం పంపడానికి వెలుగు ఎంతో ఉండనక్కరలేదు. మంచి గ్రాహకానికి మైక్రోవాట్ల స్థాయిలో, అంటే వాటులో పదిలక్షల వంతుల లెక్కలో కాంతి అందినా సెకనుకు వంద కోట్ల అంకెలను అది చదవగలదు.

గదిలోపలి కాంతి సమాచారం గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. 2011లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు హరాల్డ్ హాస్ దీనికి లై-ఫై అని పేరు పెట్టిన తర్వాత ఆసక్తి పెరిగింది, 2023లో వైఫై ప్రమాణాల వరుసలోనే 802.11బీబీ అనే సాంకేతిక ప్రమాణం కూడా వచ్చింది. దృశ్య కాంతితో మొదలైన ఈ ఆలోచన ప్రమాణంగా మారేసరికి 800 నుంచి 1,000 నానోమీటర్ల మధ్య పరారుణ కాంతి మీద స్థిరపడటం గమనించదగ్గది. దీపం పైనుంచి కిందకు సమాచారం పంపగలదు గాని, చేతిలోని ఫోను తిరిగి పైకి పంపాలంటే కళ్లముందు మరో దీపం వెలిగించుకోలేం. పైగా మన తెల్లని ఎల్‌ఈడీ బల్బు అసలు నీలి దీపం. దానిమీద పూసిన పసుపు పొర ఆ నీలాన్ని తెల్లగా మారుస్తుంది, ఆ పొర వెలిగి ఆరడంలో మందకొడిది కనుక వేగం తగ్గుతుంది. గోడ దాటదు కనుక కాంతి సమాచారం గుట్టుగా ఉంటుందన్నది నిజమే. అదే కారణం చేత పక్క గదిలోకి అందదు కూడా. రేడియో తరంగాలు చొరబడకూడని చోట్లకు తప్ప, సాధారణ గృహాలకు వైఫై ఇస్తున్న సౌకర్యాన్ని ఇది తీసేసే అవకాశం కనిపించదు.

ఆరుబయటి సంగతి వేరు, ఈ జిల్లాలకు సంబంధించిన అసలు విషయం కూడా అక్కడే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు నేలకూలాయి. రాష్ట్రంలో ఇళ్లకు ఇంటర్నెట్టు చేర్చే ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ కేబులు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే గాలిలో సాగుతుంది. తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో ఊరూరా కేబులు చేర్చడానికి అది తెలివైన మార్గమే. కానీ స్తంభం పడితే కరెంటూ, కేబులూ ఒకే దెబ్బకు పోతాయి. సెల్ టవర్లు నిలబడినా వాటి బ్యాటరీలు, డీజిలు అయిపోయేదాకానే పలుకుతాయి. వెనుక ఉన్న కేబులు తెగితే టవరు ఉండి కూడా లేనట్టే. అలాంటప్పుడు రెండు ఎత్తయిన కట్టడాల మీద రెండు పరికరాలు ఎదురెదురుగా బిగించి, కంటికి కనిపించని పరారుణ పుంజంతో వాటిని కలపగలిగితే, మధ్యలో తెగడానికి ఏమీ ఉండదు.

ఇది ఊహ కాదు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ ప్రయోగశాలకూ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థకూ మధ్య, రాష్ట్రంలో ఇలాంటి 2,000 కాంతి లింకులు ఏర్పాటు చేయడానికి ఒప్పందం కుదిరినట్టు 2017 డిసెంబరులోనే ప్రకటన వెలువడింది. ఆ ప్రయోగశాలలో తారా అన్న పేరుతో పెరిగి, 2025లో విడి కంపెనీగా బయటికి వచ్చిన ఈ ప్రయత్నం, 20 కిలోమీటర్ల దూరం వరకు సెకనుకు 20 గిగాబిట్ల వేగంతో సమాచారం పంపగలమని చెబుతోంది. ఆఫ్రికాలో కాంగో నదికి అటొకటి ఇటొకటిగా ఉన్న బ్రాజవిల్, కిన్షాసా నగరాల మధ్య వీళ్లు దాదాపు 5 కిలోమీటర్ల లింకు వేశారు. లోతైన, ఉద్ధృతమైన ఆ నదిలో కేబులు వేయలేక అంతకుముందు 400 కిలోమీటర్లకు పైగా చుట్టి రావలసి వచ్చేది. లింకు వేశాక 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్ల సమాచారం నది దాటిందని 2021లో ప్రకటించారు. వంశధార, నాగావళి కాంగోతో పోల్చదగిన నదులు కావు. కానీ వరద వచ్చి వంతెన మీది కేబులు కొట్టుకుపోయిన రాత్రి అవతలి ఒడ్డు ఎంత దూరమో ఆ ఒడ్డు వాళ్లకే తెలుస్తుంది. రేడియో లింకులకు కావలసినట్టు దీనికి స్పెక్ట్రం, అంటే ప్రభుత్వం కేటాయించే రేడియో తరంగాల వాటా, అవసరం ఉండదు. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం రేడియో తరంగాలంటే 3,000 గిగాహెర్ట్జ్ లోపువి. ఇలాంటి లింకుల్లో తరచు వాడే 1,550 నానోమీటర్ల కాంతి 1,93,000 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ కాంతిని కంటి ముందరి పొరలే పీల్చుకుంటాయి కనుక అది రెటీనా దాకా చేరదు. కంటికి భద్రమైన హద్దుల్లో దాన్ని కాస్త ఎక్కువ బలంతో పంపే వీలు అందువల్లే కలిగింది.

పుంజం సన్నగా ఉండటమే దీని బలం, దీని ఇబ్బంది కూడా. అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజుల పాటు ఉదయపు కిరణాలు తాకడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి. ఆ కొద్ది రోజులే ఎందుకన్న దానికి జవాబు గురి లెక్కలో ఉంది. ఆ నెలల్లో సూర్యుడి స్థానం రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతుంది. కిరణం ఒక ద్వారం దాటి 20 మీటర్లు లోపలికి ప్రయాణించిందనుకుంటే, 0.4 డిగ్రీల మార్పుకు అది 14 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అదే 0.4 డిగ్రీల పొరపాటు పది కిలోమీటర్ల కాంతి లింకులో జరిగితే పుంజం దాదాపు 70 మీటర్ల అవతల పడుతుంది. కాబట్టి టవరు గాలికి ఊగినా, ఎండకు ఇనుము వ్యాకోచించినా, పరికరంలోని అద్దాలు తమంతట తామే క్షణక్షణం గురి సరిచూసుకోవలసి ఉంటుంది. భూమి గుండ్రంగా ఉండటం కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. 20 కిలోమీటర్ల దూరంలో నడిమధ్య నేల సుమారు 8 మీటర్లు ఉబ్బినట్టు అడ్డుపడుతుంది. దానిపైన ఉద్దానంలో అయితే కొబ్బరిచెట్ల ఎత్తు కలుపుకోవాలి. ఇవాళ దాటిన చెట్టు మూడేళ్ల తర్వాత దాటకపోవచ్చు. గాలికి ఊగే ఒక్క కొబ్బరి మట్ట పుంజానికి అడ్డంగా వచ్చి పోతుంటే, మొదట చెప్పిన దువ్వెన పని అదే చేస్తుంది.

వీటన్నిటినీ ఇంజనీర్లు ఏదో విధంగా సర్దగలరు. సర్దలేనిది పొగమంచు. కంటిచూపు ఎంత దూరం ఆనుతుందన్నదానికి శాస్త్రజ్ఞులు వాడే ఒక కొలత ప్రకారం, వెలుతురు 100 వంతుల్లో 2 వంతులు మాత్రమే మిగిలే దూరాన్ని చూపు హద్దు అంటారు. సంక్రాంతికి ముందూ వెనుకా తెల్లవారుజామున జాతీయ రహదారి మీద 200 మీటర్లకు మించి కనిపించని మంచు పట్టిందనుకుందాం. మొదటి 200 మీటర్లకు నూటికి రెండు వంతులు మిగులుతాయి, ఆ మిగిలినదానిలో తర్వాతి 200 మీటర్లకు నూటికి రెండు. ఇలా ఐదుసార్లు తగ్గి ఒక కిలోమీటరు చేరేసరికి బయలుదేరిన వెలుగులో దాదాపు 30 కోట్ల వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. ఏ లేజరూ, ఏ గ్రాహకమూ పూడ్చగల నష్టం కాదిది. మంచు బిందువుల పరిమాణం ఈ కాంతి తరంగదైర్ఘ్యానికి చేరువలోనో, దానికి కొన్ని రెట్లలోనో ఉండటం వల్ల అవి కాంతిని అన్ని వైపులా చెదరగొడతాయి. సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాలకు మాత్రం ఆ బిందువులు లెక్కలోకే రావు. అందుచేత కాంతి లింకు పక్కన, వేగం తక్కువైనా, ఒక రేడియో లింకు తోడుగా ఉండి తీరాలి. తుపాను తాకుతున్న గంటల్లో కుండపోత వానలో కాంతి లింకు పలకదు, అప్పుడు దానిమీద ఆశ పెట్టుకోకూడదు. అది పనికివచ్చేది తుపాను దాటిపోయి ఆకాశం కడిగినట్టు తేటపడిన తర్వాతి రోజుల్లో, స్తంభాలు మళ్లీ లేచేదాకా.

ఇక కరెంటు సంగతి. సమాచారం విషయంలో 30 కోట్ల వంతుల నష్టాన్ని తట్టుకోలేకపోయినా, వేయి వంతుల నష్టాన్నీ పదివేల వంతుల నష్టాన్నీ మంచి గ్రాహకం తట్టుకుంటుంది. విద్యుత్తు విషయంలో సగం పోతేనే ఖర్చు రెట్టింపవుతుంది. ఈ ఒక్క వాక్యంతో వ్యవహారం చాలావరకు తేలిపోతుంది గాని, లేజరుతో విద్యుత్తు పంపే విద్యలో ఒక మంచి విశేషం ఉంది, దాన్ని వదలకూడదు. సోలార్ పలకలో ఒక్కో కాంతి కణం ఒక్కో ఎలక్ట్రానును ఒక గట్టు దాటించాలి. గట్టు దాటించే శక్తి లేని కణం వృథా. అవసరానికి మించిన శక్తి ఉంటే మిగులు వేడిగా పోతుంది. ఎండలో అన్ని రంగుల కణాలూ కలిసి ఉంటాయి కనుక ఇళ్లమీద కనిపించే సిలికాన్ పలకలు నూటికి 20 వంతులకు అటూ ఇటూ మాత్రమే విద్యుత్తుగా మార్చగలుగుతున్నాయి. గట్టు ఎత్తుకు సరిగ్గా సరిపోయే ఒకే రంగు లేజరు కాంతిని వేస్తే వృథా బాగా తగ్గుతుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ 2021లో, 858 నానోమీటర్ల లేజరు కాంతిలో 68.9 శాతాన్ని గాలియం ఆర్సెనైడు ఘటంతో విద్యుత్తుగా మార్చి చూపింది.

అయితే ఆ లేజరును వెలిగించడానికే ముందు విద్యుత్తు కావాలి, అందులో సగానికి అటూ ఇటూ వేడిగా పోతుంది. దారిలో గాలి కొంత తింటుంది. పుంజం విప్పారి పలక అంచులు దాటి పోయేది కొంత. 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 8.6 కిలోమీటర్ల దూరానికి, 30 సెకన్ల పాటు, 800 వాట్లకు పైగా విద్యుత్తును లేజరు మీదుగా అందించింది. ఈ రంగంలో అది పెద్ద మైలురాయే. ఆ 30 సెకన్లలో చేరిన శక్తిని లెక్కకడితే సుమారు 24,000 జౌళ్లు, అంటే 75 వాట్ల సీలింగు ఫ్యానొకటి ఐదు నిమిషాలకు పైన కాస్త తిరగడానికి సరిపోయేంత. నేల దొరకని చోట, తీగ లాగలేని చోట ఎగిరే డ్రోనుకు అది ప్రాణాధారం కావచ్చు. ఉద్దానంలోని ఒక ఊరికి వేసవి రాత్రి ఫ్యాను తిరగడానికి కాదు. మార్గమధ్యంలో మనిషి, పక్షి, పశువు ఏది అడ్డొచ్చినా కనురెప్పపాటులో లేజరును ఆర్పే ఏర్పాటు లేకుండా అలాంటి పుంజాన్ని ఊళ్ల మీదుగా పంపడం ఊహించడానికే వీల్లేదు. పైగా ఇదే నేలమీద ఆకాశం తేటగా ఉన్న మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల వెలుగు ఎవరూ పంపకుండానే దిగుతోంది. పలకను అక్కడే పెట్టుకుని బ్యాటరీలో దాచుకోవడం కంటే, మరొకచోట విద్యుత్తును వెలుగుగా మార్చి, గాలి మీదుగా తెచ్చి, మళ్లీ విద్యుత్తుగా మార్చుకోవడం ఏ లెక్కనా మేలు కాదు.

గదిలోపలి దీపాల వెలుతురుతో ఫోను చార్జింగు అన్న మాట కూడా ఇలాంటిదే. చదువుకోవడానికి చాలినంత వెలుగున్న గదిలో చదరపు మీటరుకు ఒక వాటుకు అటూ ఇటూ కాంతి పడుతుంది, ఎండలో వెయ్యో వంతు. మొదట చెప్పిన అరచేయంత పలక ఎండలో 2 వాట్ల దాకా ఇస్తే, గదిలో మిల్లీవాటు దగ్గర ఆగిపోతుంది. మిల్లీవాటుతో ఫోను నిండాలంటే సంవత్సరాలు పడుతుంది.

కానీ మిల్లీవాటుతో, ఇంకా తక్కువతో బతికే పరికరాలు ఉన్నాయి. ఒకే పలక రెండు పనులూ చేయడానికి అక్కడ నిజంగా చోటుంది. 2015లో హరాల్డ్ హాస్ మామూలు సోలార్ పలకనే గ్రాహకంగా వాడి, దానిమీద పడిన వెలుగు నుంచి విద్యుత్తునూ సమాచారాన్నీ ఏకకాలంలో తీసి చూపించాడు. నిలకడగా ఉన్న భాగం బ్యాటరీకి, మారుతున్న భాగం ఆంప్లిఫయరుకు వెళుతుంది. ఇందులోనూ ప్రకృతి బేరం ఆడుతుంది: పలక వైశాల్యం పెంచితే విద్యుత్తు పెరుగుతుంది, కానీ పెద్ద పలక తనలో ఎక్కువ విద్యుదావేశాన్ని నిలుపుకోవడం వల్ల వేగంగా మారే వెలుగుకు స్పందించలేక సమాచార వేగం తగ్గుతుంది. పావుగంటకోసారి ఒక్క కొలత పంపే పరికరానికి ఆ వేగం అక్కరలేదు. నది ఒడ్డున నీటిమట్టం కొలిచే పరికరం, జీడిపప్పు నిల్వ గోదాములో తేమ కొలిచే పరికరం అలాంటివి. వాటికి ఎండగానీ గది దీపంగానీ తిండి పెడుతుంది, మాట చెప్పడానికి రిమోటులో ఉండేలాంటి పరారుణ చుక్కో, చిన్న రేడియోనో చాలు.

పెద్ద లింకుల విషయానికి వస్తే, ఏ రెండు టవర్లను కలపాలన్నది నిర్ణయించే ముందు ఖరీదైన యంత్రాలేవీ కొననవసరం లేని పని ఒకటి ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఒక చివర కట్టడం మీద నుంచి చూస్తే రెండో చివర టవరు దీపం కనిపిస్తోందా లేదా అన్నది, రోజూ తెల్లవారుజామున గంటకోసారి చూసి పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. తీరం వెంబడి ఒక పుస్తకం, నదీ లోయల్లో ఒకటి, కనుమల అంచున ఒకటి. ఒక శీతాకాలం గడిచేసరికి, ఏ లింకు ఏడాదిలో ఎన్ని గంటలు మూగబోతుందో, దానికి తోడు రేడియో లింకు ఎంత బలమైనది కావాలో ఆ పుస్తకాల్లోనే ఉంటుంది.